నేను ఖాళీ చేసిన గిన్నె

గోదావరిఖనిలో మా కాలనీ వైపు ఎవరిని అడిగినా మా బావ కథ చెప్తారు. ఆఫ్రికాకు పనికి పోయాడు, అక్కడ జ్వరం వస్తే ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు, తోడు పోయిన బామ్మర్దికి కూడా తెలియనివ్వలేదు, దిగిన హోటల్ వాళ్ళు గుక్కెడు నీళ్ళైనా ఇవ్వలేదు, చివరికి చెవులు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఈ కథను టీ కొట్టు దగ్గర, షేర్ ఆటోలో, పెళ్ళి భోజనాల దగ్గర నేను చాలాసార్లు విన్నాను. ఆరేళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో ముక్క కలిపారు గానీ, మొదట చెప్పింది నేను. ఆ బామ్మర్దిని నేనే.

అందులో నిజాలు రెండే. మేం ఆఫ్రికాకు పోయాం. బావ చెవులు పోయాయి. మిగతాదంతా నేను కల్పించాను. బావ మంచివాడు, నలుగురిలో మాట పడకూడని మనిషి. ఆరేళ్ళుగా నా బదులు ఆయన మాట పడుతున్నాడు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కమాన్‌పూర్ వైపు బొగ్గు పైనున్న మట్టి తీసే ఒక ప్రైవేటు కాంట్రాక్టర్ దగ్గర ఇద్దరం పనిచేసేవాళ్ళం. ఆయన పొక్లెయిన్ ఆపరేటర్. నేను మెకానిక్‌ని. ఆయన మిషన్ ఎక్కితే మట్టి తీసినట్టు ఉండదు, ఒక మనిషి తాపీగా అన్నం కలుపుకున్నట్టు ఉంటుంది. ఇంజన్ చప్పుడు విని ఏ పైపులో ఆయిల్ ఒత్తిడి తగ్గిందో చెప్పేవాడు. నేను విప్పి చూస్తే అక్కడే ఉండేది.

ఘనా దేశంలో బంగారు గని పని ఉందని ఒక ఏజెంటు వచ్చినప్పుడు ఆయనకు కావలసింది ఒక ఆపరేటర్, ఒక మెకానిక్, జతగా. "ఇద్దరూ ఉంటేనే. ఒకరు వెనక్కి తగ్గితే రెండోవాళ్ళు కూడా ఇంటికే," అని మొదటి రోజే చెప్పాడు. నాకు పోవాలని ఉంది. నలభై ఏడేళ్ళు వచ్చినా నేను హైదరాబాద్ దాటి ఎరుగను. బావకు అంత ఆశ లేదు. నా కోసమే ఒప్పుకున్నాడు.

మా వాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని అనుమానం ఒకటి ఉంది. దాన్ని చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

మా బొగ్గు బాయిల మీద, అంటే గనుల్లో, ఒక పద్ధతి. కార్మికుడి ఆరోగ్యం చెడిపోయి ఇక పని చేయలేడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. ఊపిరితిత్తులు, నడుములు నిజంగానే పోయినవాళ్ళు మా దగ్గర ఎందరో. కొడుకు కోసం కుంటడం నేర్చుకున్న తండ్రులు కూడా కొందరున్నారు. మా ఇంట్లోనూ ఆ తాలీం నడిచింది. నాకు ఉద్యోగం రావాలని మా బాపు మోకాళ్ళు పోయినట్టు నడవాలి. నేర్పింది బావ. అప్పటికి అక్కతో పెళ్ళయి ఏడాది. క్వార్టర్ ముందు బాపును అటూ ఇటూ నడిపించేవాడు. మూడడుగులు వేసి ఆగాలి, గోడ పట్టుకోవాలి, పైకి చూసి ఊపిరి వదలాలి. తానే ముందు చేసి చూపించేవాడు. మా అవ్వ, అంటే అమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. బావ కుంటితే నిజంగా కుంటివాడే అనిపించేది.

బోర్డు రోజున బాపు అంతా బాగానే చేసేవాడేమో. కానీ పిలుపు వచ్చేదాకా దవాఖాన వరండాలో గొంతుక్కూర్చున్నాడు. తక్కువ ఎత్తు కప్పు కింద బొగ్గు ఎత్తిన మనిషి, బెంచీ ఖాళీగా ఉన్నా దాని పక్కన నేలమీద గొంతుక్కూర్చునే అలవాటు. అటుగా వచ్చిన డాక్టరు ఆగి చూశాడు.

"మోకాళ్ళు వంగుతలెవ్వన్నవు గదనే. మరి గిదేంది?"

"అలవాటు సార్," అని బాపు ఏ ఆసరా లేకుండా చటుక్కున లేచి నిలబడ్డాడు.

నాకు ఉద్యోగం రాలేదు. మా ఇంట్లో మాత్రం ఒక మాట మిగిలింది. ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరు పనికి ఎగ్గొట్టి పడుకున్నా, "ఏంది, బోర్డుకు పోతవా?" అనేవాళ్ళం.

ఘనా రాజధాని అక్రాలో మాకు ఇచ్చిన హోటల్ చిన్నది. మూడంతస్తులు, లేత ఆకుపచ్చ రంగు, ముందు మురికి కాలువ మీద రెండు సిమెంటు పలకలు. వీధి చివర మన షేర్ ఆటోల్లాంటి చిన్న వ్యాన్లు ఆగేవి. వాటి కుర్రాళ్ళు ఊళ్ళ పేర్లు అరుస్తుంటే మన బస్టాండు చౌరస్తా గుర్తొచ్చేది. కరెంటు పోతే జనరేటర్ వేసేవారు. నీళ్ళు ప్లాస్టిక్ ప్యాకెట్లలో, మూల కొరికి తాగాలి. పక్క భవనంలో చర్చి. ఆదివారం పొద్దున మొదలైన పాటలు మధ్యాహ్నం దాకా ఆగేవి కావు.

హోటల్ నడిపేది ఒకామె. నా ఈడుదే. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకునేది. భర్త పోయాక తానే చూసుకుంటోందని చెప్పింది. అందరూ ఆంటీ అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. మమ్మల్ని అన్నదమ్ములనుకుంది. బావ బామ్మర్ది అంటే ఏమిటో నా ఇంగ్లీషులో చెప్పలేక వదిలేశాను. పొద్దున బ్రెడ్డు, ఆమ్లెట్టు, పాలపొడి టీ. బావ టీలో పంచదార ఎక్కువ వేసుకుంటాడని రెండో రోజునుంచే డబ్బా ఆయన ముందు పెట్టేది.

మాది రెండో అంతస్తులో ఒకే గది, రెండు మంచాలు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇంటికొచ్చాక చెరో గది అని చెప్పాను. మంచాలకు దోమతెరలు ఉండేవి. ఫ్యాను గాలి తగలడం లేదని రెండూ నేనే విప్పి మడిచి బీరువా మీద పడేశాను. ఆమె గది ఊడ్పించినప్పుడు మళ్ళీ కట్టించింది. నేను మళ్ళీ విప్పాను.

రెండు మూడు రోజుల్లో గని దగ్గరికి పంపిస్తామన్న ఏజెంటు, మాతో పాటే అక్రా వచ్చి ఇంకోచోట దిగినవాడు, రోజూ రేపు అనేవాడు. కాగితాలు రాలేదట. పదిరోజులు అయ్యాయి, పదిహేను అయ్యాయి. పని లేని మనిషి ఎట్లుంటాడో బావను చూస్తే తెలిసేది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా ఇల్లు కడుతున్న చోట జేసీబీ నడిపేవాణ్ణి తిట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం, "ఇంటికి పోదాం రా బామ్మర్ది. నాకు మనసున వడ్తలేదు," అన్నాడు.

"నువ్వు పోతె నన్ను గూడ పంపుతరు బావా. జర ఓపిక పట్టు."

"సరే తియ్," అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈయన ఎప్పుడైనా ఏదో సాకు పెడతాడని భయం పట్టుకుంది.

ఏజెంటు శనివారం ఫోన్ చేసి శుక్రవారం కారు ఖాయం అన్నాడు. ఆ మర్నాడే, ఆదివారం చర్చి పాటలు ముగిసిన వేళకు, బావ దుప్పటి కప్పుకున్నాడు.

"వొళ్ళు చల్లగైతంది రా. చలి వెడ్తంది."

బయట ఎండ మండుతోంది. నేను నవ్వాను. "ఇగ షురూ జేసినవా?" అన్నాను.

చూశారు కదా, ఆయన చెప్పాడు. మొదటి గంటలోనే, మొదటి చలికే చెప్పాడు. దాచుకున్నాడని మా ఊరంతా అనుకునే మనిషి దాచుకోలేదు.

సోమవారం పొద్దున లేవలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న జ్వరం గోళీ ఇచ్చాను. మంచం పక్కన నిలబడి, "బావా, లే. ఈడ బోర్డు లేదు. నువ్వెంత మూలిగినా అన్‌ఫిట్ రాసేటోడు లేడు," అన్నాను.

దుప్పటి కిందినుంచి నవ్వు వినిపించింది. "మీ బాపు లెక్క గొంతుక్కూసుండి దొరికెటోన్ని గాదు రా నేను. నేను యాక్షన్ జేస్తే కాయితం చేతుల వడాల్సిందే."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగకముందే ఆయన లేచి గోడ పట్టుకుంటూ బాత్రూంలోకి పోయాడు. మూడడుగులకొకసారి ఆగుతున్నాడు. బాపుకు నేర్పిన నడక అచ్చం అదే. నేను చప్పట్లు కొట్టాను. లోపల వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించాక కూడా, చేతులు కిందికి దించాను గానీ లేచి పోలేదు.

మంగళవారం జ్వరం తగ్గింది. లేచి కూర్చుని అరటిపండు తిన్నాడు. నా అనుమానమే నిజమనుకున్నాను. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగి ఉంటే నటిస్తున్నాడనే ప్రమాణం చేసేవాణ్ణి. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ ఈ మంగళవారం దగ్గర ఆగిపోతుంది. ఊరికి చెప్పిన అబద్ధం వేరు, నాకు నేను చెప్పుకున్నది వేరు. మా ఇంటి బోర్డు ముచ్చట వల్ల పొరపడ్డానని, పాపం తెలియక జరిగిందని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి. కానీ మంగళవారం తర్వాత బుధవారం ఉంది.

బుధవారం పొద్దున బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. రెండు చేతులూ గాలిలో ఆడుతున్నాయి. మొదట అర్థం కాలేదు. తర్వాత చూస్తే, మిషన్ నడుపుతున్నాడు. ఎడమ చేత్తో పక్కకు తిప్పుతున్నాడు, కుడి చేత్తో బకెట్ ముంచి ఎత్తుతున్నాడు, డంపర్ మీదికి తెచ్చి వదులుతున్నాడు, మళ్ళీ మొదటికి వస్తున్నాడు. ఒక్క కదలిక తప్పలేదు. ఇరవై ఏళ్ళు ఆ లీవర్లు విప్పి బిగించిన మెకానిక్‌ని, నాకు తెలుసు. నటించేవాడు ఎదుటివాణ్ణి ఒక కంట చూస్తూ నటిస్తాడు. ఆ చేతులు ఎవరినీ చూడటం లేదు.

నుదురు ముట్టుకున్నాను. ఇంజన్ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. "బావా" అని పిలిస్తే నా వైపు తిరగలేదు.

అప్పుడే నాకు తెలిసింది. అనుమానం ఏమీ మిగల్లేదు. తెలిసిన తర్వాత నేను మొదట ఆలోచించింది శుక్రవారం గురించి. ఇంకా రెండు రోజులు. ఈ రెండు రోజులు గడిస్తే, ఇంకో రెండు గోళీలు వేస్తే, ఎట్లాగో కారు ఎక్కిస్తే, అక్కడ గని డాక్టర్లు ఉంటారు, వాళ్ళు చూసుకుంటారు. ఇట్లా లెక్క కట్టుకున్నాను. గది కిటికీ మూసి కిందికి దిగాను.

ఆంటీ నన్ను ఆపింది. "మీ అన్న మూడు రోజులుగా కిందికి రావడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. ఇల్లు గుర్తొచ్చి దిగులు పెట్టుకున్నాడు."

"దిగులు పెట్టుకున్నవాళ్ళకు కూడా ఆకలి వేస్తుంది కదా." కళ్ళజోడు పెట్టుకుని నా మొహం చూసింది. "నా తమ్ముడా, ఈ ఊళ్ళో జ్వరం వస్తే ఎవరూ రేపటిదాకా ఆగరు. వెనక వీధిలోనే క్లినిక్ ఉంది. వేలి మీద చిన్న సూది గుచ్చి చెప్పేస్తారు. పద, నేను కూడా వస్తాను."

"జ్వరం లేదు," అన్నాను. "అదంతా నటన. మా వాడు చిన్నప్పటినుంచీ అంతే."

చిన్నప్పటినుంచీ అట! ఆ అబద్ధం నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆమె మధ్యాహ్నం తలుపు తట్టింది. చేతిలో పళ్ళెం, దాని మీద మూత పెట్టిన గిన్నె. మేకమాంసం, టమాటా, మిరియాలు వేసి కాచిన పల్చటి సూపు. తానే చేశానంది. లోపలికి తొంగి చూడకుండా తలుపుకు అడ్డం నిలబడి, నిద్రపోతున్నాడని చెప్పి పళ్ళెం అందుకున్నాను.

ఒక చెంచా బావ నోట్లో పోశాను. పెదవుల పక్కనుంచి గడ్డం మీదికి కారిపోయింది. రెండో చెంచా కూడా అంతే. తువ్వాలతో తుడిచాను. గిన్నె నిండుగా తిరిగిస్తే ఆమె పైకి వస్తుంది. పారబోద్దామంటే ముక్కలు బాత్రూం తూములో ఇరుక్కుంటాయి. నా మంచం మీద కూర్చుని, గోడ వైపు తిరిగి, ఆ సూపు నేను తాగాను. ముక్కలు నమిలాను. ఎముకలు పళ్ళెంలో పెట్టాను, రోగి తిన్నట్టుగా రెండు ముక్కలకు మాంసం కొంచెం వదిలేసి. సూపు చాలా రుచిగా ఉంది. ఆ సంగతి కూడా రాయాలి. మూడు వారాల తర్వాత ఇంటి తిండిలాంటి తిండి. నా వెనక మంచం మీద ఆయన చేతులు ఇంకా మట్టి ఎత్తుతూనే ఉన్నాయి.

ఖాళీ గిన్నె కిందికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె మూత తీసి చూసి చాలా సంతోషపడింది. "దేవుడి దయ. తిన్నాడంటే గండం గడిచినట్టే. రేపు కూడా చేస్తాను," అంది.

గురువారం పొద్దున ఏజెంటు వచ్చి, వేలిముద్రలకు ఇద్దరం రావాలన్నాడు. బావకు విరేచనాలు, సాయంత్రం వస్తాడు అని చెప్పి నేనొక్కణ్ణే పోయాను. పోయేముందు గదికి తాళం వేశాను. తాళంచెవి కింద బల్ల దగ్గర ఇచ్చి పోవాలని హోటల్ నియమం. ఇవ్వకుండా జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలకు తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర ఆమె లేదు. పైన మా గది తలుపు తెరిచి ఉంది. బావ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా లేదు. కాపలాదారు మెట్ల మీద ఎదురొచ్చి చేతులతో చూపించాడు, మనిషిని దుప్పటిలో ఎత్తుకుని దించామని. ఆమె సూపు తీసుకుని పైకి వచ్చిందట. తట్టింది. లోపలినుంచి మూలుగు వినిపించింది. తన దగ్గరున్న రెండో తాళంచెవితో తీసింది. క్లినిక్ వాళ్ళు చూసి ఒక్క నిమిషం కూడా ఉంచుకోలేదట, పెద్దాసుపత్రికి పొమ్మన్నారట.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే వచ్చేసింది. నన్ను చూసి లేవలేదు.

"మలేరియా. మెదడుకు ఎక్కిందంటున్నారు. బతుకుతాడో లేదో రేపటిదాకా చెప్పలేరట," అంది. తర్వాత అడిగింది. "నిన్న సూపు ఎవరు తాగారు?"

"ఆయనే," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత పదకొండు రోజులు మేం ఆ ఆసుపత్రిలో ఉన్నాం, ఆమె రోజూ అన్నం పంపింది, చాలాసార్లు తానే తెచ్చింది. కానీ నన్ను తమ్ముడా అని ఇంకెప్పుడూ పిలవలేదు.

ఆ సాయంత్రం అదే వరండాలో ఏజెంటుకు ఫోన్ చేశాను. బావ సంగతి చెప్పాను. చెప్పి, "సార్, రేపు కారుకు నేనొక్కణ్ణి రావచ్చా?" అని అడిగాను. ఆయన "మీ బావ బతకాలని చూసుకో ముందు," అని పెట్టేశాడు. ఆంటీ పక్కనే ఉంది. నేను తెలుగులో మాట్లాడాను కాబట్టి ఆమెకు అర్థం కాలేదు. ఈ సంగతి ఆ ఏజెంటుకు తప్ప ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు, అక్కకు కూడా. ఇక్కడ చదివే తెలుసుకుంటుంది.

బావ ఐదో రోజు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను ఏదో అంటుంటే నా పెదవుల వైపు చూశాడు. తర్వాత వార్డంతా ఉలిక్కిపడేలా అరిచాడు. "వినవడ్తలేదు రా! గట్టిగ చెప్పు!"

నేను అప్పటికే గట్టిగా చెప్తున్నాను.

హైదరాబాద్‌లో దిగి, బస్సెక్కి గోదావరిఖని చేరేసరికి అక్క బస్టాండులో నిలబడి ఉంది. బావ సన్నబడి, తూలుతూ దిగాడు. ఆమె ఆయన్ని చూసి నన్ను అడిగింది.

"ఏమైంది తమ్మీ? గిట్లెట్లయిండు?"

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకోలేదు. కానీ సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది. "జ్వరం దాచిపెట్టుకున్నడక్కా. నాకు చెప్పనే లేదు. చెరొక అర్రల ఉంటిమి. ఆ హోటలోళ్ళు నీళ్ళు గూడ ఇయ్యలే."

అక్క ఆయన వైపు తిరిగి, ఏడుస్తూ ఆయన భుజం మీద కొట్టింది. "నోరు లేదా నీకు? నోరు లేదా?"

ఆయనకు వినపడలేదు. కొడుతున్న చేతిని పట్టుకుని నిమిరాడు.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ మిషన్ ఇవ్వలేదు. ఎడమ చెవిలో గట్టిగా అరిస్తే కొంత వినిపిస్తుంది, కుడిచెవి పూర్తిగా పోయింది. చేతులు వణుకుతాయి. అక్క బస్టాండు దగ్గర మిర్చి బండి పెట్టింది. ఆయన ఉల్లిగడ్డలు కోసిపెడతాడు. నేను కాంట్రాక్టర్ దగ్గరే ఉండి ఫోర్‌మన్ అయ్యాను. ఆ రోజులు గుర్తున్నాయా అని జనం సైగలతో అడిగితే బావ, "యాదికి లేవు" అనేవాడు. అది విన్నప్పుడల్లా నాకు లోపల హాయిగా ఉండేది. సిగ్గుపడాల్సిన విషయాల్లో అదొకటి.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అక్క వాళ్ళింటికి పోయాను. అక్క ఇంటిముందు అరుగు మీద కూర్చుని శనగపిండి జల్లిస్తోంది. పక్కన బావ ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. వెనక వీధిలో ఉండే డంపర్ డ్రైవర్, అతని భార్య వచ్చి ఉన్నారు. అతనికి అక్రా పని వచ్చిందట. భార్యకు భయం. అక్కను అడిగి పోదామని వచ్చారు.

"పోతె పొమ్మను చెల్లె," అంటోంది అక్క. "గాని ఆడి హోటలోళ్ళు రాకాసులు, చస్తున్నా నీళ్ళియ్యరు. ఏమన్న అయితె మన నోరే మనకు దిక్కు. అగో, సూడున్రి." జల్లెడతో బావను చూపించింది. "నోరు మూసుకున్నోని బతుకు గిట్లయితది. పక్కపొంటి తమ్ముడుండె. ఒక్క మాట చెప్పకపాయె."

ఇద్దరూ బావ వైపు చూశారు. అందరూ తనను చూస్తున్నారంటే ఏదో మంచి మాటే చెప్పుకుంటున్నారనుకున్నాడు. ఉల్లిఘాటుకు నీళ్ళు కారుతున్న కళ్ళతో వాళ్ళకు నవ్వు చూపించాడు. ఇంట్లో చేసే పని పొగిడితే మనిషి సిగ్గుపడి నవ్వే నవ్వు అది.

"అక్కా," అన్నాను. "బావ చెప్పిండు. మొదటి దినమే చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"చలి వెడ్తందన్నడు. నేనే దవాఖానకు తీస్కపోలే. హోటలామె తీస్కపోతనంటె వద్దన్న. ఒక్కటే అర్రల ఉంటిమక్కా."

అక్క చేతిలో జల్లెడ ఆగింది. బావ నా పెదవులు చూస్తున్నాడు, అక్క మొహం చూస్తున్నాడు. కత్తిపీట పక్కకు జరిపాడు.

"ఏమంటాండు?" అన్నాడు గట్టిగా. "ఏమంటానవు రా? నాకు చెప్పు."

ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు, వినపడలేదని. ఇంకా గట్టిగా చెప్పాను. మళ్ళీ ఊపాడు. రహస్యంగా తప్పు ఒప్పుకోవడానికి ఆ మనిషి దగ్గర నాకు దారి లేదు. దారి మూసింది నేనే. నోరంతా తెరిచి అరిచాను.

"జ్వరం నువ్వు దాచలే బావా! నేను దాచిన!"

నల్లా దగ్గర బిందెలు పట్టేవాళ్ళు తిరిగి చూశారు. పోతున్న స్కూటర్ ఒకటి ఆగింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆరేళ్ళ కింద నేను చెప్పిన కథ ఇంటింటికీ గుసగుసగా పోయింది. ఇది ఒక్కసారే అందరికీ వినిపించింది.

బావ "ఎందుకు?" అన్నాడు.

"కారు పోతదని! శుక్రవారం కారు పోతదని!"

అట్లా అరిచి చెప్తే ఆ కారణం ఎంత చిన్నదో నాకే వినిపించింది.

"మరి పోయినవా?" అడిగాడు.

"పోలే."

ఆయన తల ఊపి, కోసిన ఉల్లిముక్కల్ని ఒక పక్కకు దగ్గరగా జరిపాడు. డంపర్ డ్రైవర్ ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "అన్నా, మరి గా హోటలామె?" అన్నాడు మెల్లగా. గొంతు తగ్గించడం మరిచిపోయి అతనికి కూడా అరిచే చెప్పాను. ఆమె మంచిదని, మా బావ బతికి ఉన్నది ఆమె వల్లేనని, అక్కడ ఆమె చెప్పినట్టు వినమని.

అక్క లేచింది. నా వైపు రాలేదు. బావ ముందు నేలమీద కూర్చుని, పిండి అంటిన చేతులతో ఆయన తల పట్టుకుని, ఎడమ చెవిలో అరిచింది. "నిన్ను ఊకెనే తిట్టిన! ఆరేండ్లు ఊకెనే తిట్టిన!" ఆయనకు సగమే వినిపించినట్టుంది. "ఎప్పుడు తిట్టినవ్?" అన్నాడు.

ఆ తర్వాత అక్క నా వైపు చూడకుండా, "ఇగ నువ్వు పో," అంది.

ఊరు మాత్రం అంత తొందరగా మారలేదు. మొన్న టీ కొట్టు దగ్గర ఒక ముసలి రిటైర్డు కార్మికుడు పాత కథే చెప్తుంటే ఆపి, అట్లా కాదు కాకా, తప్పు నాది అని చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. "అక్క కోసం బావ తప్పు నీ మీదేసుకుంటానవు. నీది పెద్ద మనసు బిడ్డా," అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. నేను ఎంత చెప్పినా వాళ్ళ కళ్ళలో నా విలువ పెరుగుతూనే ఉంది. నోటితో చెప్తే నమ్మడం లేదని ఇట్లా ఒక్కొక్క రోజూ విడదీసి రాశాను.

అక్క నమ్మింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. డ్యూటీ దిగి మిర్చి బండి మీదుగానే నేను ఇంటికి పోవాలి. బావ నన్ను చూడగానే చౌరస్తా అంతా వినిపించేలా, "ఏం బామ్మర్దీ! తిని పో!" అని పిలుస్తాడు. అక్క మూకుడు మీదికి వంగి ఉంటుంది, తల ఎత్తదు. ఆమె కూడా పిలిచేదాకా ఆగకూడదనుకున్నాను. చెయ్యి ఊపి, నా బండి ఆపకుండా పోతున్నాను.